ఫోన్ మనదే, మోడెమ్ ఎవరిది?

2023 మార్చిలో గూగుల్ భద్రతా పరిశోధకుల బృందం ప్రాజెక్ట్ జీరో ఒక హెచ్చరిక చేసింది. శాంసంగ్ తయారుచేసే ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లోపాలు దొరికాయని, వాటిలో నాలుగు మరీ ప్రమాదకరమైనవని చెప్పింది. ఆ నాలుగింటిలో దేన్ని వాడుకోవాలన్నా దాడి చేసేవాడికి ఎదుటివాళ్ల ఫోన్ నంబర్ తెలిస్తే చాలు. లింకు నొక్కించనక్కర్లేదు, ఓటీపీ అడగనక్కర్లేదు. ఫోన్ జేబులో ఉండగానే మోడెమ్ వాడి చేతికి వెళ్లిపోతుంది. పిక్సెల్ 6, 7తో పాటు కొన్ని శాంసంగ్ గెలాక్సీలు, వివో ఫోన్లు ఆ జాబితాలో ఉన్నాయి. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అందేదాకా వైఫై కాలింగ్‌ను, 4జీ మీద కాల్స్ నడిపే వోల్టీని ఆపేసుకోమని సలహా ఇచ్చారు. జియో సిమ్ ఉన్నవాళ్లకు ఆ సలహా ఎందుకూ కొరగాదు. జియోకు 2జీ, 3జీ లేవు. వోల్టీ ఆపేస్తే మామూలు కాల్ రాదు, పోదు.

ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి మనకు కనిపించేది, ఆండ్రాయిడో ఐఓఎస్సో నడిపే ప్రాసెసర్. రెండోది టవర్‌తో మాట్లాడే మోడెమ్. దీన్నే బేస్‌బ్యాండ్ అంటారు. దానికి సొంత ప్రాసెసర్ ఉంటుంది, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, మనం చదవలేం, మార్చడం సంగతి సరేసరి. చాలా ఫోన్లలో కంపెనీ డిజిటల్ సంతకం లేని ఫైలును చిప్పు లోడ్ చేసుకోదు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లో లీనియేజ్ఓఎస్ లాంటి కస్టమ్ రోమ్, అంటే బయటి డెవలపర్లు తయారుచేసిన ఆండ్రాయిడ్, వేసుకునే కుర్రాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. దాంతో ఆండ్రాయిడ్ కొత్తదవుతుంది. మోడెమ్ ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ చివరిసారి ఇచ్చినదే ఉంటుంది. పైన చెప్పిన తరహా లోపం అందులో ఉంటే, ఆ ఫోన్ పారేసేదాకా అది అక్కడే ఉంటుంది.

రేడియోతో ఎవరు పడితే వాళ్లు ఆడుకోకూడదన్నది నిజమే. ఒక ఫోన్ తప్పుడు ఫ్రీక్వెన్సీలో, తప్పుడు శక్తితో ప్రసారం చేస్తే చుట్టుపక్కల అందరికీ ఇబ్బంది. కానీ ఆ కారణం చూపించి మోడెమ్ మొత్తానికి తాళం వేసేశారు. నిజంగా తాళం అవసరమైన భాగం అందులో కొంతే. మిగతాది తెరిచినా నెట్‌వర్క్‌కు ఏమీ కాదు. ఇది నా ఊహ కాదు, కొందరు ఔత్సాహికులు చేసి చూపించిన పని.

2007లో వచ్చిన ఓపెన్‌మోకో నియో 1973, మరుసటి ఏడాది వచ్చిన నియో ఫ్రీరన్నర్ ఈ దారిలో తొలి అడుగులు. తైవాన్ కంపెనీ ఎఫ్ఐసీ అండతో తయారైన ఆ ఫోన్లలో లైనక్స్ నడిచేది. సర్క్యూట్ స్కీమాటిక్‌లు, అంటే బోర్డు పటాలు, కూడా బయటపెట్టారు. మోడెమ్ మాత్రం టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాలిప్సో చిప్పు, దాని ఫర్మ్‌వేర్ మూసేసినదే. ఫ్రీరన్నర్‌లో ఒక మొండి జబ్బు ఉండేది. మోడెమ్ గాఢనిద్రలోకి వెళ్లగానే నెట్‌వర్క్ పోయేది, మళ్లీ రిజిస్టరయ్యేది, మళ్లీ పోయేది. బ్యాటరీ ఇట్టే అయిపోయేది. బగ్ నంబర్ 1024 అంటే ఆనాటి వాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది. తీరా చూస్తే లోపం కోడ్‌లో లేదు. బోర్డు మీది ఒక కెపాసిటర్ సరిపోవడం లేదు. దాన్ని తీసి పెద్దది అతికిస్తే జబ్బు నయమైంది. స్కీమాటిక్ చేతిలో ఉంది కాబట్టే సోల్డరింగ్ వచ్చిన ప్రతివాళ్లూ ఆ పని చేసుకోగలిగారు.

2010లో ఓస్మోకామ్‌బీబీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ వచ్చింది. ఓపెన్‌మోకోలో పనిచేసిన హెరాల్డ్ వెల్టె, ఆయన మిత్రులు అదే కాలిప్సో చిప్పు ఉన్న మోటరోలా సీ118 లాంటి అతి చౌక ఫోన్లను తీసుకుని జీఎస్ఎం (2జీ) బేస్‌బ్యాండ్ ఫర్మ్‌వేర్‌ను కొత్తగా రాశారు. ఇయర్‌ఫోన్ రంధ్రంలో గుచ్చే సీరియల్ కేబుల్‌తో ఫోన్‌ను పీసీకి కలుపుతారు. రేడియోను నడిపే కింది పొర ఫోన్లో ఉంటుంది, టవర్‌తో సంభాషణ నడిపే పై పొరలు పీసీలో ఉంటాయి. టవర్‌కూ ఫోన్‌కూ మధ్య వెళ్లే ప్రతి సందేశాన్నీ స్క్రీన్ మీద చదవొచ్చు. ఆ ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్‌లో పరిశోధకులు కార్స్టెన్ నోల్, సిల్వైన్ మునో అలాంటి చౌక ఫోన్లతోనే జీఎస్ఎం కాల్స్‌ను పట్టుకుని, ఏ5/1 గుప్తీకరణను ఛేదించవచ్చని వేదిక మీద చూపించారు. ఫర్మ్‌వేర్ తెరిస్తే దొంగలకు దారి చూపించినట్టే కదా అని అడిగేవాళ్లుంటారు. ఆ బలహీనత ఫోన్లో పుట్టలేదు, నెట్‌వర్క్ ప్రమాణంలోనే ఉంది. తెలియాల్సినవాళ్లకు అప్పటికే తెలుసు. తెలియనిదల్లా బిల్లు కట్టే జనానికే.

పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్ దగ్గర కాసేపు ఆగాలి. తాళం ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు ఆ ఫోన్లోనే జవాబు ఉంది.

పైన్64 సంస్థ 2020 జనవరిలో ఈ ఫోన్లు పంపడం మొదలుపెట్టింది. మామూలు మోడల్ ధర అప్పట్లో 149 డాలర్లు. వెనుక మూత గోరుతో లాగితే ఊడొస్తుంది. లోపల ఒకే వరుసలో ఆరు చిన్న స్విచ్‌లు. మోడెమ్‌కు ఒకటి, వైఫై-బ్లూటూత్‌కు ఒకటి, మైకుకు, వెనుక కెమెరాకు, ముందు కెమెరాకు, హెడ్‌ఫోన్‌కు తలా ఒకటి. అగ్గిపుల్ల మొనతో మొదటిదాన్ని జరిపితే మోడెమ్‌కు కరెంటే ఆగిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ మాట మీద నమ్మకం ఉంచినట్టు ఇక్కడ ఎవరినీ నమ్మాల్సిన పనిలేదు.

అందులోని మోడెమ్ క్వెక్‌టెల్ ఈజీ25-జీ. ప్రధాన ప్రాసెసర్‌తో అది యూఎస్‌బీ మీద మాట్లాడుతుంది, కాల్ ఆడియోకు వేరే తీగలున్నాయి. ప్రధాన ప్రాసెసర్ ర్యామ్‌ను అది నేరుగా తాకలేదు. ఇది చిన్న విషయం కాదు. ఇప్పటి ఫోన్లలో చాలావరకు మోడెమ్, ప్రధాన ప్రాసెసర్ ఒకే చిప్పులో కూర్చుని ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి. మధ్యలో హార్డ్‌వేర్ కాపలా ఉంటుంది. ఆ కాపలాను సరిగ్గా అమర్చారో లేదో బయటివాళ్లు చూసి చెప్పడం చాలా కష్టం. ఇక 2014లో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఆండ్రాయిడ్ తయారుచేసే రెప్లికెంట్ ప్రాజెక్ట్ డెవలపర్లు కొన్ని శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో మరో సంగతి కనిపెట్టారు. మోడెమ్ అడిగితే ఫోన్ స్టోరేజీలోని ఫైళ్లను చదివి, రాసి, చెరిపేసే ఏర్పాటు ఆండ్రాయిడ్ వైపు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అది ప్రమాదమేమీ కాదని శాంసంగ్ వాదించింది. ఆ వాదన సరైనదా కాదా అన్నది తర్వాత. అలాంటి దారి ఒకటుందని ఫోన్ కొన్నవాళ్లలో ఒక్కరికీ తెలియకపోవడమే నాకు అభ్యంతరం.

యూఎస్‌బీతో అంతా భద్రమేనని కూడా అనలేం. యూఎస్‌బీకి తగిలించిన వస్తువు తాను కీబోర్డునని చెప్పుకోవచ్చు. అయితే దాన్ని అడ్డుకోవడానికి లైనక్స్‌లో సాధనాలున్నాయి, వాటి కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు.

ఆ మోడెమ్ లోపలి సంగతి ఇంకా ఆసక్తికరం. అందులో క్వాల్‌కామ్ ఎండీఎం9207 చిప్పు ఉంది. ఆ చిప్పులో రెండు భాగాలు. ఒకటి రేడియోను, టవర్ ప్రోటోకాల్స్‌ను చూసుకునే హెక్సాగన్ డీఎస్పీ. రెండోది ఏఆర్ఎం కార్టెక్స్-ఏ7, దాని మీద పూర్తిస్థాయి లైనక్స్ నడుస్తుంది. మోడెమ్‌కు పంపే ఆదేశంతో, అంటే ఏటీ కమాండ్‌తో, డెవలపర్ల దారి ఏడీబీని తెరిచి లోపలికి వెళితే పూర్తి అధికారం ఉన్న రూట్ షెల్ దొరుకుతుంది. యునేమ్ అని కొడితే 3.18 కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) అని జవాబు వస్తుంది. లైనక్స్ ఫోన్ లోపలి మోడెమ్‌లో ఇంకో లైనక్స్! క్వెక్‌టెల్ పాత మోడెమ్ ఈసీ20లో ఇలాంటి ఏర్పాటే ఉందని వెల్టె, హోల్గర్ ఫ్రైథర్ 2016లోనే హాంబర్గ్‌లో వివరించారు. లైనక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద వస్తుంది కాబట్టి, ఆ భాగం సోర్స్ కోడ్ అడిగే హక్కు మోడెమ్ కొన్నవాళ్లకు ఉంది.

ఆ లైనక్స్ చేసే పనేమిటంటే, యూఎస్‌బీని నడపడం, ఏటీ కమాండ్లు అందుకోవడం, కాల్ ఆడియోను దారి మళ్లించడం, ఎప్పుడు నిద్రపోవాలో ఎప్పుడు లేవాలో చూసుకోవడం. టవర్‌కు ఎంత శక్తితో ప్రసారం చేయాలన్నది దాని చేతిలో లేదు. పైన్‌ఫోన్ తొలినాళ్లలో ఇబ్బందులు వచ్చింది ఎక్కువగా ఇక్కడే. ఫోన్ నిద్రలోంచి లేచేసరికి మోడెమ్ యూఎస్‌బీ మీద నుంచి మాయమయ్యేది, కాల్ మిస్సయ్యేది. మోడెమ్‌ను కనిపెట్టుకుని ఉండటానికి ఈజీ25-మేనేజర్ అని ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ రాయాల్సి వచ్చింది. 2021లో ఒక స్వతంత్ర డెవలపర్ ఇంకా ముందుకెళ్లి, ఏఆర్ఎం వైపు బూట్‌లోడర్, కెర్నెల్, దాని మీది ప్రోగ్రాములు అన్నిటినీ ఓపెన్ సోర్స్‌తో మార్చేశారు. పైన్‌ఫోన్‌లోని ఈ మోడెమ్‌కు సంతకాల తాళం వేసి లేదు కాబట్టే అది సాధ్యమైంది. హెక్సాగన్ ఫర్మ్‌వేర్‌ను, ట్రస్ట్‌జోన్ అనే భద్రతా భాగాన్ని కదిలించలేదు. వాడినవాళ్లలో చాలామంది కంపెనీ ఇచ్చినదానికన్నా ఇదే నిలకడగా ఉందన్నారు.

టవర్ వైపు నుంచి చూస్తే తేడా ఏమీ లేదు. అనుమతి పొందిన రేడియో భాగం అలాగే ఉంది. అంటే మోడెమ్‌లో ఏది మూసి ఉంచాలి, ఏది తెరవొచ్చు అన్న గీత చిప్పులోనే ఉంది. తాళం మాత్రం ఆ గీత దగ్గర వేయకుండా గుమ్మానికే వేస్తున్నారు.

రేడియో భాగమూ బ్రహ్మరహస్యం కాదు. మొబైల్ నెట్‌వర్క్‌లు ఎలా పనిచేయాలో చెప్పే 3జీపీపీ ప్రమాణాలను ఎవరైనా ఉచితంగా దించుకుని చదవొచ్చు. ఎస్ఆర్ఎస్‌ఆర్ఏఎన్ బృందం రాసిన ఓపెన్ సోర్స్ కోడ్‌తో ఒక పీసీ, ఒక సాఫ్ట్‌వేర్ రేడియో (కోడ్‌తో నడిచే రేడియో పరికరం) కలిపి ఎల్టీఈ (4జీ) ఫోన్‌లా నెట్‌వర్క్‌కు కలవొచ్చు. జేబులో పట్టే, రోజంతా బ్యాటరీ నిలిచే చిప్పుగా దాన్ని మార్చడానికే పేటెంట్లు, సర్టిఫికేషన్ ఖర్చులు అడ్డం.

అసలు అభ్యంతరం ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్. మోడెమ్ తెరిస్తే దొంగ ఫోన్ల నంబర్లు మార్చేస్తారని పోలీసులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. పోయిన ఫోన్లను ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలోని సీఈఐఆర్‌తో (ఫోన్ల ఐఎంఈఐల కేంద్ర జాబితా) వెతికి పట్టుకుంటున్నారు, తెలంగాణ పోలీసులు వేల ఫోన్లు వెనక్కి తెచ్చిచ్చారు. ఆ వ్యవస్థ అంతా ఐఎంఈఐ మీదే నిలబడి ఉంది. అందుకే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఐఎంఈఐ మార్చినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. దాన్ని సడలించమని నేను అడగను. అయితే ఐఎంఈఐ మార్చే ముఠాలు దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నది మూసేసిన ఫర్మ్‌వేర్ ఉన్న ఫోన్లలోనే, బజారులో దొరికే ఫ్లాషింగ్ బాక్సులతోనే. తాళం వాళ్లను ఆపలేదు.

అది ఆపింది నిజాయితీగా రిపేర్ చేసుకునేవాళ్లను. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో బోర్డు పని చేసేవాళ్లను అడిగితే చెబుతారు. నీళ్లలో పడ్డ ఫోన్, తప్పుడు ఫైలుతో ఫ్లాష్ చేసిన ఫోన్ వస్తుంది. ఆన్ అవుతుంది, సిమ్ కనిపిస్తుంది, సిగ్నల్ ఉండదు. *#06# కొడితే ఐఎంఈఐ చోట ఖాళీ. సెట్టింగ్స్‌లో బేస్‌బ్యాండ్ అన్‌నోన్ అని వస్తుంది. ఐఎంఈఐతో పాటు ఆ ఒక్క ఫోన్‌కే ఫ్యాక్టరీలో కొలిచి రాసిన రేడియో కాలిబ్రేషన్ డేటా కూడా చెరిగిపోయింది. ముందే బ్యాకప్ ఉంటే నిమిషాల పని. ఆ బ్యాకప్ తీసుకునే మామూలు దారిని మాత్రం కంపెనీలు ఇవ్వవు. బిల్లు మీద, అట్టపెట్టె మీద ఉన్న అదే నంబర్‌ను తిరిగి ఎక్కించాలన్నా దొంగలు వాడే సాధనమే దిక్కు. అలాంటి సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంచుకోవడమే 2024 నాటి టెలికాం సైబర్ భద్రతా నిబంధనల కింద చిక్కు తెచ్చిపెడుతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది ఇది. నంబర్ మార్చడం వేరు, ఉన్న నంబర్‌ను నిలబెట్టుకోవడం వేరు. ఆ తేడాను నిబంధనల్లోనే రాయాలి.

పైన్‌ఫోన్ కొనుక్కోమని నేనెవరికీ చెప్పను. అది నెమ్మది ఫోన్, కెమెరా అంతంతమాత్రం, యూపీఐ యాప్‌లు నేరుగా నడవవు. ప్యూరిజం కంపెనీ లిబ్రెమ్ 5 కోసం 2017లో డబ్బు కట్టినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో తలనొప్పి. ఏటీ అండ్ టీ 2022లో 3జీ ఆపేశాక, తన ఆమోదిత జాబితాలో లేని ఫోన్లకు సేవలు ఇవ్వనంటోంది. ఫర్మ్‌వేర్ ఎంత తెరిచినా మన ఫోన్ ఏ టవర్ కింద ఉందో నెట్‌వర్క్‌కు తెలుస్తూనే ఉంటుంది. అది టెక్నాలజీ స్వభావం, దానికి మందు వేరే.

అయినా ఈ విషయం హైదరాబాద్‌కు చాలా దగ్గరిది. శాన్‌డియాగో తర్వాత తన అతిపెద్ద కేంద్రాన్ని క్వాల్‌కామ్ ఇక్కడే పెట్టుకుంటోంది. ప్రపంచమంతా వాడే మోడెమ్‌ల పని మన ఊళ్ల నుంచి వెళ్లిన ఇంజనీర్ల చేతుల మీదుగా సాగుతోంది. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, సయెంట్ కంపెనీతో కలిసి కోలా అనే ఎన్‌బీ-ఐఓటీ (మీటర్ల లాంటి చిన్న పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే) మోడెమ్ చిప్పును తయారుచేసింది. ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో 220 కోట్లతో కట్టిన 5జీ టెస్ట్‌బెడ్ (పరీక్షా వేదిక)లో ఐఐటీ హైదరాబాద్‌కూ భాగముంది. మోడెమ్ చేయడం మనకు చేతకాని పని కాదు. పైగా ఇందులో కొంత ప్రజల డబ్బు.

చిప్ డిజైన్ చేసే కంపెనీలకు కేంద్రం 2021లో ప్రకటించిన డీఎల్ఐ (డిజైన్ ప్రోత్సాహక) పథకం కింద ఖర్చులో సగం దాకా, ఒక్కో దరఖాస్తుకు 15 కోట్ల వరకు తిరిగి ఇచ్చే ఏర్పాటు పెట్టింది. మోడెమ్ చిప్పులకు ఆ డబ్బు ఇచ్చేటప్పుడు కొన్ని షరతులు పెట్టొచ్చు. రేడియో భాగం మీద సంతకపు తాళం కంపెనీయే ఉంచుకోనివ్వండి. పక్కన నడిచే లైనక్స్ భాగం సోర్స్ మాత్రం బయటపెట్టాలి, దాన్ని మార్చుకునే వీలు కొన్నవాళ్లకు ఉండాలి. ఫోన్ ర్యామ్‌లోకి మోడెమ్ ఎంతవరకు చూడగలదో రాతపూర్వకంగా చెప్పాలి. కాలిబ్రేషన్ డేటా బ్యాకప్ యజమాని తీసుకోగలగాలి, అది ఆ చిప్పు మీద తప్ప మరో చిప్పు మీద పనిచేయకుండా కంపెనీ సంతకం ఉండాలి. అప్పుడు రిపేర్ జరుగుతుంది, దొంగకు మాత్రం అది పనికిరాదు. రేడియో భాగానికి భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అమ్మేరోజే పెట్టె మీద రాయాలి. ఈ షరతుల్లో ఏదీ రేడియో భాగం మీది తాళాన్ని తీయమని అడగదు.