లేబుల్ మీద చేతిరాత ఎవరి చేతిది?

తిరుపతిలో మా ఇంట్లోనే పొడులు దంచి అమ్ముతున్నాను. పప్పుల పొడి, చెనిక్కాయల పొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి. పేరు ‘అవ్వ పొడులు’. ఇన్నాళ్లూ ప్యాకెట్ మీద మామూలు అచ్చు అక్షరాలే ఉండేవి. ఇప్పుడు కొత్త స్టిక్కర్లు వేయించాలి. కంప్యూటర్‌లో డిజైన్లు చేసే మా తమ్ముడు చేతిరాతలా కనిపించే ఫాంట్ పెడదామన్నాడు. గాంధీ రోడ్డులో, తిలక్ రోడ్డులో ముప్పై ఏళ్లు దుకాణాలకి బోర్డులు రాసిన మా చిన్నాయన వద్దన్నాడు. ఆదివారం భోజనాలయ్యాక మొదలైన మాట దీపాలు పెట్టేదాకా సాగింది. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

తమ్ముడు: చిన్నాయనా, అక్క అమ్మేది ఫ్యాక్టరీ సరుకు కాదు. రోట్లో దంచి, చేత్తో కలిపి, తనే ప్యాక్ చేస్తుంది. ప్యాకెట్ చూడగానే ఆ సంగతి తెలియాలి. అచ్చు అక్షరం ఆ మాట చెప్పదు. చేతిరాత చెబుతుంది.

చిన్నాయన: చేతిరాత చెబుతుంది, కాదనను. నువ్వు చూపించేది చేతిరాత కాదు కదా నాయనా. ఇట్లా రా.

(నమూనాకి ప్రింట్ తీసిన మూడు స్టిక్కర్లు చాప మీద వరసగా పెట్టాడు. ‘పొడి’ అనే మాట కింద వేలు పెట్టుకుంటూ వెళ్లాడు.)

చిన్నాయన: కరివేపాకు పొడి, మునగాకు పొడి, చెనిక్కాయల పొడి. మూడింట్లోనూ ‘డి’ చివర అదే వంకర, అదే చోట సిరా తగ్గినట్టు అదే గరుకు. మనిషి చెయ్యి మూడుసార్లు ఒకేలా వణకదు. కొనేవాళ్లకి ఇది వివరంగా తెలియకపోవచ్చు. కానీ మూడు ప్యాకెట్లు పక్కపక్కన చూస్తే ఎక్కడో తేడా కొడుతుంది.

తమ్ముడు: అది నిజమే. ఇంగ్లీషు ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, పక్క అక్షరాన్ని బట్టి మారేలా చేస్తారు. తెలుగులో నేను వెతికినవాటిలో అట్లాంటిది దొరకలేదు. అయినా నా ఇబ్బంది కూడా చూడు. అక్క నెలకో కొత్త పొడి అంటుంది. రేటు మారుతుంది. పండక్కి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టాలి. ప్రతిసారీ నిన్ను పిలిచి రాయించుకోవాలా?

చిన్నాయన: పిలిస్తే రానా?

తమ్ముడు: వస్తావు. కానీ...

చిన్నాయన: నేను లేని రోజు సంగతేంటని అడుగు. మొహమాటం దేనికి? అది మంచి ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే జవాబు లేదని అబద్ధపు చేతిరాత అతికించమంటే ఒప్పుకోను. చేత్తో రాయలేకపోతే శుభ్రమైన అచ్చు అక్షరం వెయ్యండి. అందులో మోసం లేదు. కాళహస్తిలో చూశావుగా, వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో పులియబెట్టిన నల్లరంగులో ముంచి గీస్తారు. కలం కాబట్టే కలంకారీ. ఒక ఆకు ఉన్నట్టు ఇంకో ఆకు ఉండదు.

తమ్ముడు: మరి పెడనలో చేసేది? మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. గజం పొడుగునా అదే పువ్వు. దాన్ని కూడా కలంకారీ అనే అంటారు. ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు దానికీ ఉంది. అది అబద్ధమని ఎవరూ అనరే!

(చిన్నాయన వెంటనే ఏమీ అనలేదు. నాకైతే ఇక్కడ తమ్ముడి మాటే సబబనిపించింది.)

తమ్ముడు: ఆ అచ్చు దానంతటదే పుట్టలేదు. టేకు చెక్క మీద ఎవరో కూర్చుని ఒక్కో గీత చెక్కారు. ఫాంట్ కూడా అట్లాంటి అచ్చే. ఒక మనిషి ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు గీసి పెడితేనే అది వస్తుంది. ఇంగ్లీషులో పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలతో పని అయిపోతుంది. మనకి గుణింతాలు, వత్తులు కలుపుకుంటే వందల్లో ఉంటాయి. అంత పని చేసినవాడి చెయ్యి చెయ్యి కాదా?

చిన్నాయన: చెయ్యే. కానీ మన అవ్వ పొడి కోసం కదిలిన చెయ్యి కాదు. అదే ఫాంట్ రేపు ఇంకో పొడుల వాళ్లు వాడతారు, ఎల్లుండి ఐస్‌క్రీమ్ బండి వాళ్లు వాడతారు. అప్పుడు మనకి గుర్తింపు ఏం మిగిలింది?

తమ్ముడు: కోకాకోలా చూడు. నూరేళ్లు దాటినా అదే వాలు రాత.

చిన్నాయన: ఆ రాత ఎవరిది?

తమ్ముడు: 1886లో ఆ పేరు పెట్టిన ఫ్రాంక్ రాబిన్సన్‌ది. ఆ కంపెనీలో లెక్కలు చూసేవాడు. అప్పట్లో వాళ్ల బళ్లలో నేర్పే వాలు రాతలో రాశాడు.

చిన్నాయన: చూశావా! ఆ ఒక్క పేరు కోసం రాసింది. ఫాంట్ ఎక్కించి కొట్టింది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తమ్ముడు మొదట డౌన్‌లోడ్ చేసిన ఫాంట్ వ్యక్తిగత వాడకానికి మాత్రమే ఉచితం. ప్యాకెట్ మీద వేసి అమ్మితే అది వ్యాపారమే, డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలి. చాలామంది ఈ చిన్న అక్షరాలు చదవరు. తరువాత ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వచ్చింది ఒకటి వెతికాడు. మన కాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఉన్న ఫాంట్ కూడా ఆ లైసెన్స్‌తోనే ఉచితంగా దొరుకుతుంది. వ్యాపారానికి వాడుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫాంట్‌నే విడిగా అమ్ముకోకూడదు.

చిన్నాయన: సరే, డబ్బు సంగతి వదిలెయ్. చదివేవాళ్ల సంగతి చెప్పు. కొండకి వచ్చేవాళ్లలో తమిళం వాళ్లు ఎంతమంది, కన్నడం వాళ్లు ఎంతమంది! తెలుగు కూడబలుక్కుని చదువుతారు. నేను బోర్డు రాసి, రోడ్డు దాటి అవతలి నుంచి చూసేవాణ్ణి. చదవడానికి ఒక్క క్షణం ఆగాల్సి వస్తే తుడిచి మళ్లీ రాసేవాణ్ణి. ఇదేమో చెయ్యి చాచినంత దూరంలో చదవలేకపోతున్నాను. ‘కరివేపాకు’లో ‘పా’ ఎక్కడ, ‘వే’ ఎక్కడ? రెండూ ఒకటే మెలిక.

తమ్ముడు: స్క్రీన్ మీద బాగానే ఉండింది చిన్నాయనా.

చిన్నాయన: స్క్రీన్ మీద చూస్తే ఏం లాభం? మూడంగుళాల స్టిక్కర్ మీద, నూనె వేలు తగిలాక చూడాలి.

(నిజంగానే చూశాం. నేను పొడి అంటిన చేత్తో స్టిక్కర్ పట్టుకుని అలమరలో పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డాను. ‘అవ్వ’ చక్కగా కనిపించింది, పెద్ద అక్షరాలు కాబట్టి. దాని కింద ‘చెనిక్కాయల పొడి’లో ‘క్కా’ వత్తు కింది వరసలోని బరువు అంకెల మీదికి దిగిపోయి 200 గ్రాములు 700 లాగా కనబడింది. ఈ విషయంలో నేను పూర్తిగా చిన్నాయన వైపు. తెలుగు వరసకి కింద చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు కొలతతో వరసలు పేరిస్తే వత్తులు గుద్దుకుంటాయి.)

తమ్ముడు: వరసల మధ్య ఎడం పెంచుతాను. బరువు, గడువు తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, ఇవేవీ ఈ ఫాంట్‌లో వెయ్యను. మామూలు అచ్చులో, ఇంగ్లీషులో వేస్తాను. ఎట్లాగూ ఆ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి తీరాలి.

చిన్నాయన: అది సరే. పేరు మాత్రం నేనే రాస్తా. ‘అవ్వ పొడులు’, నల్ల ఇంకు, లావు బ్రష్. నువ్వు స్కాన్ చేసుకో. ట్రేడ్‌మార్క్‌కి పెట్టినా అదే పెట్టండి.

తమ్ముడు: ఒప్పుకున్నా. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకి చిన్న వ్యాపారమైతే ఆన్‌లైన్‌లో ఒక తరగతి సరుకులకి 4,500 రూపాయలు. పేరుకి నీ రాత. కింద పొడి పేర్లకి నా ఫాంట్.

చిన్నాయన: పొడి పేర్లకి అచ్చు అక్షరం.

తమ్ముడు: నీ రాత కింద బిగుసుకుపోయిన అచ్చు అక్షరం పెడితే ఇద్దరు కొత్తవాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నువ్వే చూడు.

(రెండు రకాలూ వేసి చూపించాడు. చిన్నాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.)

చిన్నాయన: అచ్చుది బిగుసుకునే ఉంది. కానీ నీ దాంట్లో ఆ క వత్తు నాకు నచ్చలేదు. కాలు బారచాపి కూర్చున్నట్టుంది. లైసెన్స్ ప్రకారం మార్చుకోవచ్చన్నావు కదా?

తమ్ముడు: మార్చుకోవచ్చు.

చిన్నాయన: అయితే వత్తు నేను గీసిస్తే అందులో పెట్టగలవా?

తమ్ముడు: పెట్టగలను. క వత్తు, ప వత్తు, ‘పా’, ‘వే’. ఈ నాలుగూ మారిస్తే చాలావరకు చిక్కు తీరుతుంది. ‘డి’ కూడా రాయి చిన్నాయనా, ఒక్కటి చాలు.

చిన్నాయన: ఒక్కటి ఎట్లా చాలుతుంది? మూడు పొడులకి మూడు ‘డి’లు రాస్తా. అమ్మాయ్, గీతలు లేని కాగితం ఉంటే తీసుకురా.