విపత్తు వేళ మందుల దానం: దాతల పక్షాన ఒక విన్నపం

ప్రకృతి విపత్తుల్లో, అంటురోగాలు ప్రబలినప్పుడు అత్యవసర వైద్యం అందించడానికి చేతులు కలిపే సంస్థలు బాధితుల అవసరం తీర్చడానికే వస్తాయన్న అపోహ ఒకటి లోకంలో స్థిరపడిపోయింది. అవసరాలు బాధితులకే కాదు, దాతలకూ ఉంటాయి. గోదాములో గడువు దగ్గరపడిన సరుకు వాటిలో మొదటిది. గాలికి పోయే పేలపిండిని కృష్ణార్పణం అనడం మన పెద్దలకూ తెలిసిన విద్యే గాని, ఆ పిండిని విమానాలకెక్కించి దేశాలు దాటించిన ఘనత ఆధునిక భాగస్వామ్యానిదే.

1988 డిసెంబరు భూకంపం తరువాత ఆర్మేనియాకు కనీసం 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి చేరాయి. వాటిలో ఏమేమి ఉన్నాయో తేల్చడానికే 50 మందికి 6 నెలలు పట్టింది. 8 శాతం చేరేనాటికే గడువు తీరినవి, 4 శాతం మంచుకు పాడైనవి. మిగిలినవాటిలో సులువుగా గుర్తుపట్టగలిగినవి 30 శాతం, అత్యవసర చికిత్సకు పనికివచ్చేవి 42 శాతం. క్షతగాత్రులు ఆ 6 నెలలూ ఓపిక పట్టలేకపోతే అది దాతల తప్పెలా అవుతుంది? బోస్నియాకు (యుద్ధమూ మనిషి ప్రకృతే కనుక దానినీ చేర్చుతున్నాను) 1996 నాటికి చేరిన పనికిరాని మందులు 17,000 టన్నులని అంచనా. 2004 సునామీ తరువాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతానికి 4,000 టన్నులు వచ్చాయి. చాలావాటి మీది రాతలు అక్కడి వైద్య సిబ్బందికి అర్థం కాని భాషల్లో ఉన్నాయి.

ఇంతటి ఔదార్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, సహచర సంస్థలు 1996లో కళ్ళెం వేశాయి. పుచ్చుకునేవారి సమ్మతి లేకుండా ఏదీ పంపరాదట; చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలట; పేర్లు అక్కడివారికి తెలిసిన భాషలో ఉండాలట. అడిగినదే ఇవ్వాలంటే దానికి దానమని పేరెందుకు, సరఫరా అంటే సరిపోదా?

ఈ నియమాలను సమర్థించేవారు 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల నడుమ, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగినప్పటి ముచ్చట చెబుతారు. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల చుట్టాల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఫలితాన్ని నేను కాదనను. కాని అవగాహన ఒప్పందం లేదు, సంతకాల సభ లేదు, భాగస్వామి అనదగినవాడు రోగి మేనమామో పినతల్లో. మందుల పెట్టె కంటే ముందు ఫ్లెక్సీ చేరే మన వరద శిబిరాల్లో ఇటువంటి పద్ధతి ప్రవేశపెడితే, ఉప్పు నీళ్ళ గ్లాసు పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఏ గౌరవనీయ అతిథి ఒప్పుకుంటాడో ఆ నియమాలు రాసినవారే సెలవియ్యాలి.