తోడు లేకపోయినా పిన్నులు ఉంటే చాలు

పార్ట్‌నర్ లేకుండా పవర్‌లిఫ్టింగ్ పోటీలకు తయారవడం కుదరదని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోనండి. మాది పాలకొల్లు, పొద్దున్నే ఐదింటికి జిమ్‌లో నేనొక్కడినే, రెండేళ్లుగా ఇదే వరస. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పైకెత్తడం) లేవకపోతే కింద పెట్టేస్తాం, గొడవ లేదు. టెన్షనంతా బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం) దగ్గరే. బెంచీని పవర్ ర్యాక్ (నిలువు స్తంభాల ఇనుప చట్రం) లోపలికి జరిపి, సేఫ్టీ పిన్నులు (బార్ పడితే ఆపే అడ్డకడ్డీలు) ఛాతీ పైకెత్తి పడుకున్నప్పటి ఎత్తుకి ఒక అంగుళం కిందుగా పెట్టండి, బార్ లేవలేదా, వీపు వంపు వదిలేస్తే బరువు పిన్నుల మీద ఆగుతుంది, మెడ మీదకి రాదు. ముందు ఖాళీ బార్‌తో తప్పకుండా చూసుకోవాలి. ర్యాక్ లేని చోట ఒంటరిగా బెంచ్ చేస్తే ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు బార్‌కి పెట్టొద్దు, ఇరుక్కుంటే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేయొచ్చు (రెండో పక్క ఒక్కసారిగా ఎగురుతుంది, జాగ్రత్త). స్క్వాట్‌కీ (భుజాల మీద బార్‌తో కిందికి కూర్చుని లేవడం) పిన్నులే, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుంటే తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగిందో లేదో తెలిసిపోతుంది. పోటీలో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాకే రిఫరీ ‘ప్రెస్’ అంటారు, ఒంటరిగా చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ ఆగడమే, నేను మాత్రం ప్రతిసారీ మనసులో రెండు లెక్కపెడతాను. మన ఉక్కపోతకి అరచేతులు ఊరికే తడిసిపోతాయి, చాక్ పౌడర్ మర్చిపోకండి.