డెక్ మీది కాపలాతో లోతు తిమింగలాలకు రక్షణ దొరకదు

క్యువియర్ ముక్కు తిమింగలం గాలి పీల్చి బతికే జంతువే అయినా, దాని జీవితంలో ఎక్కువ భాగం వెలుగు చొరని లోతుల్లోనే గడిచిపోతుంది. దక్షిణ కాలిఫోర్నియా సముద్రంలో ఉపగ్రహ ట్యాగ్ అమర్చిన ఒక తిమింగలం 2,992 మీటర్ల లోతుకు దిగిందని 2014లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఉత్తర కరోలినాలోని కేప్ హాటెరస్ సమీపంలో మరొకటి ఏకబిగిన 222 నిమిషాలు నీటి కిందే ఉన్న సంగతి 2020లో ప్రచురితమైంది. రెండు మునకల నడుమ అది పైన కనిపించేది చాలాసార్లు కొద్ది నిమిషాలు మాత్రమే. ఇలాంటి ప్రాణిని సోనార్ నుంచి, అంటే నీటిలోకి శబ్దం పంపి జలాంతర్గాములను వెతికే పరికరం నుంచి, కాపాడటానికి నావికాదళాలు ప్రధానంగా చూపించే ఏర్పాటు ఏమిటంటే, ఓడ మీద బైనాక్యులర్లతో మనుషులను నిలబెట్టడం, తిమింగలం కంటబడితే సోనార్ తీవ్రత తగ్గించడం లేదా ఆపడం. కంటపడని జంతువుకు కంటిచూపుతో కాపలా కాయడమన్నమాట.

2002 సెప్టెంబరులో కానరీ దీవుల వద్ద నాటో విన్యాసాలు జరుగుతున్నప్పుడు, జలాంతర్గాములను పసిగట్టే మధ్యస్థాయి పౌనఃపున్య సోనార్ మొదలైన సుమారు నాలుగు గంటలకే తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకు రావడం మొదలైంది. మొత్తం 14 ముక్కు తిమింగలాలు ఒడ్డున పడ్డాయి. పోస్టుమార్టం చేసిన పశువైద్య నిపుణులకు కనిపించినవి ఆకలితో చిక్కిన, రోగాలతో కుంగిన శరీరాలు కావు. ఒళ్లు పుష్టిగా ఉంది, కడుపులో కొత్తగా తిన్న ఆహారం ఉంది, కానీ రక్తనాళాల్లోనూ అవయవాల్లోనూ వాయు బుడగలు, కొవ్వు కణికలు, రక్తస్రావం ఉన్నాయి. లోతు నుంచి హడావుడిగా పైకి వచ్చిన డైవర్లకు సోకే జబ్బును తలపించే ఈ లక్షణాలను 2003లో నేచర్ పత్రిక ప్రచురించింది. శబ్దానికి బెదిరి మునకల క్రమం తప్పడం వల్లే బుడగలు ఏర్పడ్డాయన్నది బలమైన వివరణ. అంచెలంచెలుగా ఏం జరుగుతుందన్న దానిపై మాత్రం వాదన ఇంకా సాగుతోంది.

ఆ వాదన తేలేదాకా స్పెయిన్ ఆగలేదు. 2004లో కానరీ జలాల్లో ఇలాంటి సోనార్ వాడకాన్ని నిలిపివేసింది. 1980ల నుంచి విన్యాసాల వేళ సామూహికంగా ఒడ్డున పడటం పదేపదే జరిగిన ఆ దీవుల్లో, నిషేధం తర్వాత అలాంటి ఘటన ఒక్కటీ జరగలేదని 2013లో పరిశోధకులు నివేదించారు. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో ఇంతకంటే బరువైన సాక్ష్యం లేదు.

బహామాస్‌లో 2000 మార్చిలో తిమింగలాలు ఒడ్డున పడిన ఘటనకు తమ సోనారే అత్యంత సంభావ్య కారణమని అమెరికా నౌకాదళం మరుసటి ఏడాది సంయుక్త నివేదికలో అంగీకరించింది. అయినా 2008లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియా విన్యాసాలపై కింది కోర్టు పెట్టిన ఆంక్షలను సడలిస్తూ శిక్షణ అవసరానికే మొగ్గు చూపింది. శత్రు జలాంతర్గాముల భయం కల్పితం కాదు కనుక ఆ తీర్పును తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ విన్యాసాలు అసలు వద్దనడం వేరు, ఈ తిమింగలాలు మేసే నిటారు సముద్రగర్భపు వాలుల మీద వద్దనడం వేరు. పైగా హానిని ఒడ్డుకు చేరిన కళేబరాలతో లెక్కగడితే, నడిసముద్రంలో చనిపోయి మునిగిపోయినవి, చావకపోయినా మేత మాని పారిపోయినవి ఏ పట్టికలోనూ చేరవు.

ప్లాస్టిక్ సంగతి ఇంకో రకం. 2019లో ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన ఒక క్యువియర్ తిమింగలం కడుపులోంచి సుమారు 40 కిలోల ప్లాస్టిక్ తీశారు. దాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపలేం, సోనార్‌ను ఆపగలం.

ఈ జాతి ధ్రువ జలాలు తప్ప అన్ని మహాసముద్రాల్లోనూ తిరుగుతుంది కాబట్టి బంగాళాఖాతం మినహాయింపు కాదు. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉంది. 2024 ఫిబ్రవరిలో బహుళదేశాల మిలన్ విన్యాసాలకు వేదికైందీ అదే నగరం. ముక్కు తిమింగలాలు వేటలో చేసే క్లిక్ శబ్దాలను బట్టి జాతినే గుర్తించవచ్చు. కనుక విన్యాసాల పటం గీయడానికి ముందే లోతు జలాల్లో హైడ్రోఫోన్లు (నీటి అడుగు శబ్దాలను పట్టే మైకులు) దించి కొన్ని నెలలు వినడం, క్లిక్‌లు తరచూ వినిపించే వాలులను సోనార్ పరిధి నుంచి తప్పించడం మన నౌకాదళానికి అసాధ్యమేమీ కాదు.