తెల్లకోటుకు ఏ రంగు వేయాలి?

మొన్న ఐదేళ్ల మా మేనకోడలు ఓ కలరింగ్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పేజీకో ఉద్యోగం: పోలీసు, పైలట్, ఫైర్‌మన్, డాక్టర్. డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి దానికి డౌటొచ్చింది. “మామయ్యా, డాక్టర్ కోటు ఏం రంగు?” తెలుపని చెప్పాను. కాగితం వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, “అయితే వేసేసినట్టే కదా!” అని పేజీ తిప్పేసింది.

అది తిప్పేసిన పేజీని నేను వెనక్కి తిప్పి చూశాను. ఆ డాక్టర్ ఏ పనీ చేయడం లేదు. రెండు చేతులూ కిందికి వదిలేసి, ఫొటో దిగుతున్నట్టు నవ్వుతున్నాడు. ఎదురుగా రోగి లేడు. మెడలో స్టెతస్కోపు ఉంది కానీ, దాంతో ఏం వింటారో చూపించే ముక్క ఎక్కడా లేదు. పైలట్‌కి టోపీ ఉంది, విమానం లేదు. ఉద్యోగాలు నేర్పుతున్నామనుకుంటూ మనం పిల్లలకు నేర్పుతున్నది యూనిఫాంలనే. యూనిఫాం లేని పనికి ఇలాంటి పుస్తకాల్లో చోటు దొరకడం కష్టం. లెక్కలు చూసేవాళ్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు, సరుకు ఎప్పుడు ఎక్కడికి చేరాలో ఫోన్ల మీద చూసుకునేవాళ్లు, అంటే చాలామంది పిల్లల అమ్మానాన్నలే, బయట ఉండిపోతారు.

అలాగని కలరింగ్ దండగ అనను. క్రేయాన్ పట్టుకోవడం, గీత దాటకుండా చేతిని ఆపుకోవడం చేతికి మంచి సాధన. నాకు అంతకన్నా విలువైనదనిపించేది టైమ్. వీడియోలో ఫైర్‌మన్ మూడు సెకన్లలో మాయమవుతాడు. అదే రంగులేస్తూ కూర్చుంటే పిల్ల పావుగంట ఆ బొమ్మనే చూస్తుంది. ఆ పావుగంటలో పక్కన పెద్దవాళ్లు ఉంటే ఎన్ని మాటలైనా దొర్లుతాయి. అంతసేపు చూసేటప్పుడు బొమ్మలో చూడ్డానికేమైనా ఉండాలి కదా!

ఐదేళ్ల వయసులో కెరీర్ గొడవేంటి అనేవాళ్లున్నారు. ‘పెద్దయ్యాక ఏమవుతావ్?’ అని పసివాళ్లను నిలదీయడం నాకూ చిరాకే. కానీ మనం మాట్లాడినా మాట్లాడకపోయినా వాళ్ల బుర్రలో లెక్కలు నడుస్తూనే ఉంటాయి. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1981లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ప్రకారం మూడు నుంచి ఐదేళ్ల వయసులో పిల్లలు మనుషులను పెద్ద-చిన్న, బలం ఉన్నవాళ్లు-లేనివాళ్లు అని చూస్తారు. ఆరు నుంచి ఎనిమిదేళ్లకు ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని అని విడదీసుకోవడం మొదలవుతుంది. అప్పుడు ‘మనది కాదు’ అని పక్కన పడేసిన పనుల జోలికి తర్వాత పెద్దగా వెళ్లరన్నది ఆమె వాదన. కలరింగ్ పుస్తకాలు చేతికొచ్చేదీ సరిగ్గా ఆ వయసులోనే.

పిల్లలు బొమ్మల్లో ఏం దాచుకుంటారో చూపించే పరీక్ష ఒకటుంది. ‘శాస్త్రవేత్త బొమ్మ గీయండి’ అంటారు, అంతే. డేవిడ్ వేడ్ చాంబర్స్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన అధ్యయనంలో 4,807 మంది పిల్లలు గీస్తే, ఆడ శాస్త్రవేత్తను గీసింది 28 మంది. ఆ 28 మందీ ఆడపిల్లలే. అమెరికాలో యాభై ఏళ్లపాటు జరిగిన ఇలాంటి 78 అధ్యయనాలను కలిపి 2018లో మళ్లీ లెక్కేశారు. 1985 తర్వాతి వాటిలో ఆ సంఖ్య సగటున 28 శాతానికి పెరిగింది. అప్పుడు దాదాపు ఐదు వేలమందిలో 28, ఇప్పుడు నూటికి 28! అయితే మెలిక ఇంకోచోట ఉంది. చిన్న తరగతుల్లో ఆడా మగా బొమ్మలు ఇంచుమించు సమానంగా వస్తున్నాయి, హైస్కూలుకు చేరేసరికి మగబొమ్మలదే పైచేయి. పసివాళ్లకు లేని ముద్ర మధ్యలో ఎక్కడో పడుతోందన్నమాట.

ఖాళీ కాగితం మీద పిల్లలు తమ మనసులో ఉన్నది గీస్తారు. కలరింగ్ పేజీలో గీతలు ముందే గీసేసి ఉంటాయి. అక్కడ ఫైర్‌మన్‌కి మీసం పెట్టింది, నర్సుకి పొడుగాటి కనురెప్ప వెంట్రుకలు పెట్టింది మనమే. ఆఖరికి ముఖానికేసే రంగూ మనం పెట్టిందే. లేత గులాబీ క్రేయాన్‌ని ‘స్కిన్ కలర్’ అనడం మనలో చాలామందికి ఇంకా అలవాటే. క్రేయాన్లు తయారుచేసే క్రయోలా కంపెనీ ‘ఫ్లెష్’ (ఒంటిరంగు) అనే పేరు తీసేసి ‘పీచ్’ అని పెట్టింది 1962లోనే. రకరకాల ఒంటిరంగులతో 24 క్రేయాన్ల పెట్టె మాత్రం 2020 దాకా తేలేదు.

బొమ్మ కింద రాసే మాట కూడా తేడా తెస్తుంది. 2019లో మార్జొరీ రోడ్స్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, ‘శాస్త్రవేత్తలమవుదాం’ అన్నప్పటికంటే ‘సైన్స్ చేద్దాం’ అన్నప్పుడు ఆడపిల్లలు ఆ పనిని ఎక్కువసేపు వదలకుండా చేశారు. అది కలరింగ్ మీద చేసిన ప్రయోగం కాదు. అయినా బొమ్మ కింద ‘డాక్టర్’ అని రాసే బదులు ‘గుండె చప్పుడు వింటున్నారు’ అని రాస్తే పోయేదేముంది? అలా రాయాలంటే వినే చెయ్యి, అవతలి మనిషి, వాళ్ల ముఖంలో భయం కూడా గీయాల్సి వస్తుంది. రంగులేయడానికి బోలెడంత దొరుకుతుంది.

ఆ రోజు పుస్తకం మూసేశాక మేనకోడలికి తెల్లకాగితం ఇచ్చి, మీ అమ్మ ఆఫీసు పని గీయమన్నాను. మా అక్క ఇంట్లోంచే పని చేస్తుంది. లాప్‌టాప్ గీసింది, దాని తెరనిండా చిన్న చిన్న గళ్లు, గడికో ముఖం, అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయి. వీళ్లంతా ఏం చేస్తున్నారే అన్నాను. తల ఎత్తకుండా, ముఖాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు పులుముతూ చెప్పింది: “వినిపిస్తోందా, వినిపిస్తోందా అంటున్నారు.”