నోటుపై నక్షత్రం

అయిదువందల నోటు వరుససంఖ్య మధ్యలో చిన్న నక్షత్రం కనిపిస్తే అది దొంగనోటేనన్న ప్రచారం 2023లో సామాజిక మాధ్యమాల్లో జోరుగా సాగింది. చివరకు రిజర్వ్ బ్యాంకే కలగజేసుకుని, ఆ నోట్లు మిగతావాటితో సమానంగా చెల్లుతాయని జులై 27న ప్రకటించాల్సి వచ్చింది.

అసలు సంగతిలో గూఢమేమీ లేదు. కొత్త నోట్లను వరుససంఖ్యలతో వందేసి చొప్పున కట్ట కడతారు. వాటిలో ఏదైనా నోటు అచ్చులో చెడితే, దాని స్థానంలో నక్షత్రం గుర్తుతో వేరే సంఖ్య ఉన్న నోటును చేర్చి కట్ట పూర్తిచేస్తారు. 2006లో పది, ఇరవై, యాభై రూపాయల నోట్లతో మొదలైన ఈ పద్ధతి తరవాత వంద నోటుకూ, పెద్ద నోట్లు రద్దయిన మరుసటి నెలలోనే, 2016 డిసెంబరులో, కొత్త అయిదువందల నోటుకూ వచ్చింది. నాణేలు, నోట్లు సేకరించేవారైతే ఇలాంటి నోటును అసలు విలువకు మించి ఇచ్చి మరీ కొంటారు!

అయినా జనం అనుమానాన్ని అమాయకత్వమని కొట్టిపారేయలేం. రాత్రికి రాత్రి నోట్లు చెల్లకుండా పోవడాన్ని చూసినవారు, 2023 మే 19న రెండువేల నోటు ఉపసంహరణ ప్రకటన విన్నవారు, కొద్ది నెలలకే తమకు తెలియని గుర్తును చూసి జంకడం సహజం. ఆ గుర్తు అర్థాన్ని ముందే ఊరూరా చెప్పి ఉంటే వదంతికి తావుండేది కాదు. నోటు వెనక తెలుగు సహా పదిహేను భాషల్లో విలువను అచ్చువేయించే సంస్థకు, బ్యాంకు శాఖల గోడలపైనా రైతుబజార్లలోనూ నాలుగు తెలుగు వాక్యాలు బొమ్మతో సహా పెట్టించడం అసాధ్యమేమీ కాదు.

ఇంకో రకం గుర్తుల విషయంలో నిర్లక్ష్యం మరింత బాధాకరం. వంద నోటుపై ఉబ్బెత్తు త్రికోణం, అయిదువందల నోటుపై వృత్తం, అంచుల్లో వరసగా నాలుగు, అయిదు ఏటవాలు గీతలు ఉన్నాయి. చూపులేనివారు వేలితో తడిమి విలువను పోల్చుకోవడానికి చేసిన ఏర్పాటిది. నోటు నలిగేకొద్దీ ఆ ఉబ్బు అరిగిపోతుంది. పైగా టీకొట్టులో, ఆటోలో రోజూ చేతులు మారే పది, ఇరవై, యాభై రూపాయల కొత్త నోట్లపై ఈ గుర్తులే లేవు. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ‘మణి’ యాప్ ఫోన్ కెమెరాతో నోటును గుర్తించి విలువను పలుకుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారికి దానివల్ల ఒరిగేది శూన్యం. తదుపరి ముద్రణలోనైనా చిన్న నోట్లకు, ఏళ్ల తరబడి వాడినా అరగని తాకుడు గుర్తులను చేర్చాలని, వాటి రూపకల్పనలో అంధుల సంఘాల మాటకు చోటివ్వాలని రిజర్వ్ బ్యాంకును కోరుతున్నాం.