ఫోర్ పాయింట్ త్రీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫోర్ పాయింట్ త్రీ గారికి, చెన్నై నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

ఈ ఊళ్ళో ఏ లాడ్జి పేరు ఫోన్‌లో కొట్టినా పక్కన ఐదు స్టార్లకు 4.3 రేటింగుగా మీరే దర్శనమిస్తున్నారు. గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో ఏసీ మూలిగే గదికీ మీరే, టీ నగర్‌లో కిటికీ లేని గదికీ మీరే. ఇన్ని ఇళ్ళలో ఒకేసారి ఉండగలిగింది ఇంతకుముందు శ్రీకృష్ణుడొక్కడే.

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మావాళ్ళు ఆస్పత్రి పనుల మీద వస్తుంటారు. "ఎక్కడ దిగమంటావురా?" అని ఫోన్ చేస్తారు. నేను నోరు తెరిచేలోపే "దానికి ఫోర్ పాయింట్ త్రీ ఉందంట" అని రూమ్ బుక్ చేసేస్తారు. ఇక్కడే కాపురముంటున్న నాకంటే మీ పరపతే ఎక్కువ.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. గది ఖాళీ చేసే వేళ, బయట ఆటోవాడు హారన్ కొడుతుంటాడు, అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు. అప్పుడే రిసెప్షన్ కుర్రాడు క్యూఆర్ కోడ్ అట్ట ముందుకు జరుపుతాడు: "ఫైవ్ స్టార్ సార్, నా పేరు కూడా రాయండి సార్." డబ్బు వాడి చేతిలో ఉండగా టూ స్టార్ కొట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ఆ రివ్యూల్లో గది గురించి ఒక్క ముక్క ఉండదు, కుర్రాడి పేరు మాత్రం స్పెల్లింగ్‌తో సహా ఉంటుంది. ఇక ఇంట్లో కూర్చుని హోటళ్ళకు స్టార్లు కొడితే డబ్బులిస్తామని మెసేజ్‌లు పంపే ముఠాలు వేరే ఉన్నాయి. ముందు చిల్లర ఇచ్చి, తర్వాత డిపాజిట్ పేరుతో కొట్టినవాడినే ముంచుతాయి.

పైగా మీకు తేదీలు పట్టవు. కోయంబేడు బస్టాండు దగ్గరి లాడ్జికి "నెల్లూరు బస్సు దిగి నడిచి వచ్చేయొచ్చు" అని ఎప్పుడో ఎవరో మెచ్చుకుని ఇచ్చిన స్టార్లు ఇంకా మీ ఒంట్లోనే ఉన్నాయి. ఆంధ్రా బస్సులు 2018 అక్టోబరులోనే మాధవరం బస్టాండుకు మారిపోయాయి. ఇక 2019 వేసవిలో చెంబరంబాక్కం, పూండి జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి ఊరికి రైల్లో నీళ్ళు తెచ్చారు. అప్పుడు "రోజుకు రెండు బకెట్లే ఇచ్చారు" అని పడ్డ వన్ స్టార్లు, న్యాయంగా వరుణదేవుడికి చెందాల్సినవి, లాడ్జి ఖాతాలోనే మగ్గుతున్నాయి.

ప్రభుత్వం ఊరుకోలేదు లెండి. 2022 నవంబరులో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారు ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు వేయకూడదన్నారు. పాటించడం మాత్రం ఎవరిష్టం వాళ్ళది అన్నారు. అంటే నిజం చెప్పడం ఐచ్ఛికాంశం.

మీ కుటుంబంలో నాకు గౌరవమున్నది త్రీ స్టార్ తమ్ముడి మీదే. ఆయన గొణుగుడు చదివితే కడుపు నిండుతుంది. "స్టవ్ ఇచ్చారు, గ్యాస్‌కు విడిగా తీసుకున్నారు. వేడినీళ్ళు ఆరింటికి వస్తాయి, ఎనిమిది దాటితే రావు. మెట్రో వాటర్ కుళాయి కాదు, లారీ నీళ్ళు. ఎదురుగా పాలు దొరుకుతాయి." రోగిని వెంటబెట్టుకొచ్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దాని కింద యాజమాన్యం జవాబు: "డియర్ గెస్ట్, మీ ప్రేమకు కృతజ్ఞతలు, మళ్ళీ రండి." నల్లులు కుట్టాయని రాసినాయన కిందా అదే ప్రేమ.

అసలు సంగతి ఏమిటంటే, మా బాబాయికి మోకాలి ఆపరేషన్. వచ్చే సోమవారం మీ పేరు చూసే ఒక లాడ్జిలో మూడో అంతస్తు గది తీసుకున్నాడు. అక్కడ లిఫ్ట్ పనిచేస్తుందో లేదో తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన. రిసెప్షన్‌కు ఫోన్ చేసి అడిగాను. "మాది ఫోర్ పాయింట్ త్రీ సార్" అన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక చెన్నై తెలుగువాడు